టెక్ సందేహాలు: కిటికీ మూస్తే సిగ్నల్ ఎందుకు పోతోంది?

ప్రశ్న: గచ్చిబౌలిలో కొత్త ఫ్లాట్‌లోకి మారాం. కిటికీలన్నింటికీ వేడిని ఆపే డబుల్ గ్లాస్ బిగించారు. ఇల్లు చల్లగానే ఉంది కానీ కిటికీ మూయగానే ఫోన్‌లో రెండు గీతలు పోతున్నాయి. సిమ్ మార్చి చూసినా అంతే. అద్దానికీ సిగ్నల్‌కూ సంబంధం ఉంటుందా?

ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఆ గాజు మీద వెండి పూత ఉండి ఉంటుంది. మిఠాయిల మీద అద్దే వెండి రేకు కన్నా ఎన్నో రెట్లు పలచన, దాదాపు 10 నానోమీటర్లు. వెండి పరమాణువులను ఓ నలభై వరుసలు పేర్చితే వచ్చే మందం అంతే.

ఇంత పలచటి వెండిని ఉత్త గాజు మీద పూస్తే నిలవదు. తామరాకు మీద నీళ్లలా బొట్లుబొట్లుగా విడిపోతుంది. విడివిడి బొట్ల మధ్య కరెంటు పారదు, అది పారకపోతే పూత వేడిని వెనక్కి మళ్లించలేదు, పైగా అవి వెలుతురును మింగేస్తాయి. పోనీ మందం పెంచుదామంటే కిటికీ కాస్తా ముఖం చూసుకునే అద్దమై కూర్చుంటుంది. అందుకే వెండిని రెండు ఆక్సైడ్ పొరల మధ్య ఇరికిస్తారు. అడుగున జింక్ ఆక్సైడ్ ఉంటే వెండి దాని మీద చదునుగా పరుచుకుని, తక్కువ మందంలోనే ఒకే పొరగా అతుక్కుంటుంది. పైన ఇంకో ఆక్సైడ్ పొర దాన్ని గాలి, తేమ తగలకుండా కాపాడుతుంది.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఆ ఆక్సైడ్లు చేసే మూడో పని. వాటి మందాన్ని కొన్ని పదుల నానోమీటర్ల దగ్గర సరిగ్గా కుదిరిస్తే, వెండి నుంచి వెనక్కి మళ్లే కాంతి తరంగాలూ, ఆక్సైడ్ అంచుల నుంచి మళ్లేవీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. తిరిగి పోవలసిన వెలుతురు లోపలికే వస్తుంది. లోహం ఉన్నట్టే కంటికి తెలియదు.

కంటికి కనిపించే వెలుతురు కోసం కుదిర్చిన ఈ లెక్క, కంటికి కనిపించకుండా వేడిని మోసుకొచ్చే పరారుణ కిరణాలకు పనిచేయదు. అందుకే ఎండ వేడిలో చాలా భాగం బయటికే మళ్లుతుంది. మొబైల్ తరంగాలు ఇంకా పొడవైనవి. వాటికి మీ కిటికీ అచ్చంగా లోహపు రేకే. ఇలాంటి అద్దం దాటేసరికి సిగ్నల్ 20 నుంచి 30 డెసిబెల్స్ తగ్గవచ్చు. అంటే వందో వంతో, వెయ్యో వంతో మిగులుతుంది. మీ ఫోన్ తప్పూ లేదు, నెట్‌వర్క్ తప్పూ లేదు.

రూఢి చేసుకోవాలంటే రాత్రి పూట కిటికీ ముందు లైటర్ వెలిగించండి. డబుల్ గ్లాస్‌లో నాలుగు మంటలు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని రంగు తేడాగా ఉంటే పూత ఉన్నట్టే. అది రెండు గాజుల మధ్య మూసేసి ఉంటుంది కాబట్టి గీకి తీసేద్దామని చూడకండి. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉంటే ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేయండి, మాటలు తెగవు. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే సిగ్నల్ బూస్టర్ల జోలికి మాత్రం వెళ్లవద్దు. అనుమతి లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం, చుట్టుపక్కల వాళ్ల కాల్స్ కూడా చెడతాయి. స్విట్జర్లాండ్‌లో కొన్ని రైళ్ల కిటికీ పూత మీద లేజర్‌తో సన్నని గీతలు గీసి, వేడిని ఆపుతూనే సిగ్నల్‌కు దారి ఇచ్చారు. మన అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లూ అలాంటి గాజును అడగాలని నా కోరిక.

ప్రశ్న: విజయవాడలో పాలిటెక్నిక్ చదువుతున్నాను. ఫోన్ టచ్ స్క్రీన్‌లో ఉండేదీ ఇలాంటి వెండి పూతేనా?

చాలావాటిలో వెండి ఉండదు, ఇండియం టిన్ ఆక్సైడ్ ఉంటుంది. క్లుప్తంగా ఐటీవో అంటారు. బరువులో దాదాపు 90 శాతం ఇండియం ఆక్సైడ్, 10 శాతం టిన్ ఆక్సైడ్. కరెంటు బాగానే పారుతుంది, వెలుతురూ దాని గుండా సాగిపోతుంది. కానీ అప్పడం లాంటిది, కొద్దిగా సాగదీసినా పగుళ్లిస్తుంది. ఇండియం కోసం విడిగా గనులు తవ్వరు, ఎక్కువగా జింక్ శుద్ధిలో ఉపఉత్పత్తిగా వస్తుంది, కాబట్టి కావలసినంత పెంచుకోవడమూ కుదరదు. ఐటీవో మధ్యలో సన్నని వెండి పొర పెడితే ఆక్సైడ్ తక్కువ సరిపోతుంది, కరెంటు మరింత సులువుగా పారుతుంది, వంచినా తట్టుకుంటుంది. వంగే తెరలకు దీని మీద పరిశోధకులకు అంత ఆసక్తి అందుకే. చిక్కల్లా అంచుల దగ్గర: పట్టీలు నల్లబడ్డట్టే అక్కడి నుంచి వెండి చెడటం మొదలవుతుంది. నీ ప్రాజెక్టుకు ఇది మంచి అంశం బాబూ, తీసుకో.

ప్రశ్న: కొత్త కారులో ఫాస్టాగ్ టోల్ దగ్గర చదవడం లేదు. ట్యాగ్ మార్చినా అదే తంతు.

మీ ముందు అద్దం వేడిని ఆపే రకమా? అయితే ఇదీ ఆ పూత పనే కావచ్చు. ఫాస్టాగ్ 865-867 మెగాహెర్ట్జ్‌లో పలుకుతుంది, దాన్నీ ఈ పూత అడ్డుకుంటుంది. చాలా కంపెనీలు లోపలి మిర్రర్ దగ్గర కొంత మేర పూత లేకుండా వదిలేస్తాయి. అది ఎక్కడుందో కారు పుస్తకంలో చూసి, ట్యాగ్‌ను అక్కడ అతికించండి. పాతది పీకితే పాడవుతుంది, కొత్తది తీసుకోవలసిందే.