ఆగస్టు 15న జెండా దగ్గరికి రాని మనుమడు, మాట్లాడని తాత

ప్రశ్న: మాది హనుమకొండ. మా మామయ్య రిటైర్డ్ టీచర్, 78 ఏళ్లు. సొంతూరు పరకాల దగ్గర. ప్రతి ఆగస్టు 15న మా డాబా మీద ఆయనే జెండా ఎగరేస్తారు, కాలనీ పిల్లలంతా వస్తారు. నిరుడు మా అబ్బాయి (22 ఏళ్లు, హైదరాబాద్‌లో పీజీ చేస్తున్నాడు) అందరి ముందే "ఆ రోజు మనకు స్వాతంత్ర్యమే రాలేదు, దేనికి సంబురం? గర్వపడేంత ఏముంది ఈ దేశంలో?" అని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. మా ఆయన వాణ్ణి దేశద్రోహి అన్నారు. అప్పటినుంచి తాతామనుమలకు మాటల్లేవు. 1947లో పరకాలలో జెండా ఎగరేయబోయిన జనంలో మామయ్య వాళ్ల నాయిన ఉన్నారు, కాలికి దెబ్బ తగిలి బతికారు. ఇంకో సంగతి. నా పుట్టిల్లు జనగామ వైపు. మా తాత కమ్యూనిస్టుల సంఘంలో తిరిగి 1949లో మిలటరీ చేతిలో చనిపోయాడు. జెండా వందనం చేసిన ప్రతిసారీ లోపల ఏదో అడ్డం పడుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈసారి అబ్బాయిని బలవంతంగానైనా నిలబెట్టాలా?

జవాబు: అమ్మా, బలవంతం చేయకండి. రెక్క పట్టి గుంజుకొస్తే అబ్బాయి వచ్చి నిలబడతాడేమో, కానీ ఆ పది నిమిషాల కోసం ఇంకో ఏడాది మాటలు పోతాయి. తాత జరిపే కార్యక్రమాన్ని గౌరవించమని అబ్బాయిని అడిగే హక్కు మీకుంది. గర్వపడమని మాత్రం అడగలేరు. నిరుడు మీ ఇంట్లో ఈ రెండూ కలిసిపోయాయి. లొల్లి అక్కడే మొదలైంది.

ముందు అబ్బాయి అన్న మాట సంగతి చూద్దాం. అందులో మొదటి సగం నిజమే. 1947 ఆగస్టు 15న ఢిల్లీలో జెండా ఎగిరింది. వరంగల్‌ మాత్రం ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది, ఇక్కడ ఆ జెండా పట్టుకోవడం నేరం. అంతకు ఏడాది ముందే, 1946 ఆగస్టులో, వరంగల్ కోటలో త్రివర్ణ జెండా ఎగరేశారని రజాకార్లు దాడి చేసి మొగిలయ్యను చంపారు. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం బయల్దేరి, 17న నిజాం లొంగిపోయేదాకా ఇక్కడ పరిస్థితి ఇదే.

ఇప్పుడు మీ మామయ్య వైపు నుంచి ఆలోచించండి. ఆయన డాబా మీద జెండా ఎగరేసేది సరిగ్గా అబ్బాయి చెప్పిన ఆ కారణానికే. దేశమంతా స్వేచ్ఛగా ఎగరేస్తుంటే ఇక్కడ ఎగరేయనివ్వలేదు, ఎగరేయబోయిన నాయినకు దెబ్బలు తగిలాయి. ఆయనకు ఆగస్టు 15 ఢిల్లీ పండుగ కాదు, నాయిన చేయలేకపోయిన పని తాను పూర్తి చేసే రోజు. ఒకే చరిత్రను పట్టుకుని ఒకరు ఎగరేస్తున్నారు, ఒకరు వద్దంటున్నారు. ఒకరి కారణం ఒకరు అడగలేదు, అంతే. అబ్బాయి "స్వాతంత్ర్యం రాలేదు" అన్నప్పుడు తాతకు "మీ నాయిన ఉత్త పుణ్యానికి దెబ్బలు తిన్నాడు" అని వినపడింది. తండ్రి "దేశద్రోహి" అన్నప్పుడు అబ్బాయికి "నువ్వు మా మనిషివి కాదు" అని వినపడింది.

కాబట్టి మొదట మాట్లాడాల్సింది మీ ఆయనతో. అబ్బాయితో కాదు, మామయ్యతోనూ కాదు. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోకుండా మిగతా ఏ పనీ ముందుకు సాగదు. ఆయన అబ్బాయికి ఫోన్ చేసి ఇంతే అనాలి: "నిరుడు ఆ మాట అనకుండా ఉండాల్సింది. నువ్వు అడిగినదానికి జవాబు చెప్పకుండా తిట్టిన." ఆ తర్వాత "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టొద్దు. సారీ వెనక "కానీ" వచ్చిందంటే పిల్లలు ఆ "కానీ"నే గుర్తుపెట్టుకుంటారు. మీ మామయ్య నాయిన రోజుల్లో జెండా పట్టినవాళ్లనూ నిజాం సర్కారు రాజద్రోహులనే అంది. ఈ ముక్క మీ ఆయనకు మెల్లగా గుర్తుచేయండి. ప్రశ్న అడిగినవాణ్ణి ద్రోహి అనడం ఆ ఇంటికి తగదు.

దీనికి సమయం కావాలి. ఆగస్టు 14 రాత్రి మొదలుపెడితే ఏమీ జరగదు. జులై రెండో వారంలో, అబ్బాయి ఇంటికి వచ్చిన ఏదో ఒక వారాంతంలో మొదలుపెట్టండి. అందరూ కూర్చున్న అన్నాల దగ్గర వద్దు, చుట్టాల ముందు అసలే వద్దు. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద ఎవరూ ఏదీ పంపకూడదని మాట తీసుకోండి. ఫార్వర్డ్ వీడియో ఒక్కటి పడితే చాలు, నెల రోజుల పని బూడిదలో పోసినట్టే.

తాతామనుమల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి పంచాయితీ పెట్టకండి. పక్కపక్కన ఉండే పని ఇవ్వండి. "తాత పరకాల పోవాలంటున్నాడు, తీసుకుపోయి రారా" అని అబ్బాయికి చెప్పండి. బస్సులో అయినా గంట ప్రయాణం. పరకాలలో ఆ అమరుల కోసం 2003లో కట్టిన అమరధామం ఉంది. ఎండ ఎక్కకముందే, పొద్దున బయల్దేరమనండి. ఆ వయసులో అక్కడ ఎక్కువసేపు నిలబడలేరు, మడత కుర్చీ ఒకటి, నీళ్ల సీసా పెట్టి పంపండి. మీరూ మీ ఆయనా వెళ్లకండి. మధ్యవర్తులుంటే ఇద్దరూ మీకే చెప్పుకుంటారు తప్ప ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

అక్కడ అబ్బాయి ఏం అడగాలో ముందే అనుకుంటే మంచిది. "ఎందుకు గర్వపడాలి?" అని అడిగితే తాత ఉపన్యాసం మొదలుపెడతారు, టీచర్ కదా. "ఆ రోజు ముత్తాత ఏ దారిన వచ్చిండు? కాలికి దెబ్బ తగిలినంక ఇంటికి ఎవరు తీసుకొచ్చిన్రు? పోలీసులు మళ్లీ వచ్చిన్రా? ఎన్ని రోజులు దాక్కున్నడు?" ఇట్లాంటివి అడగాలి. ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఆ రోజును చూసినవాళ్ల నోటి నుంచి నేరుగా విన్న మనిషి ఇంకో పదేళ్లకు మీ ఇంట్లో ఉండకపోవచ్చు. క్షమాపణ కూడా అబ్బాయికి అక్కడే సులువవుతుంది. అనుకున్నదానికి చెప్పనక్కర్లేదు, అన్న చోటుకు చెప్తే చాలు: "అందరి ముందు అనాల్సింది కాదు తాతా."

ఇక మీ సంగతి. మీరు ఉత్తరం చివర్లో పెట్టినా, మా దృష్టిలో మీ ఇంటి చిక్కు విడిపోయేది ఇక్కడే. నిజాంను దించిన సైన్యమే ఆ తర్వాత మీ తాత ప్రాణం తీసింది. రెండూ నిజాలే. ఒకటి ఒప్పుకుంటే రెండోది దాచాలన్న నియమం ఎక్కడా లేదు. భూమి కోసం, వెట్టి పోవాలని లేచిన ఆ తెలంగాణ సాయుధ పోరాటం 1948తో ఆగలేదు. 1951 అక్టోబర్‌లో విరమించేదాకా పల్లెల్లో మనుషులు చనిపోతూనే ఉన్నారు. కానీ ఆ వెంటనే ఏం జరిగిందో కూడా చూడండి. 1952 తొలి ఎన్నికల్లో వరంగల్ లోక్‌సభ స్థానంలో గెలిచింది ఆ పోరాటం వైపు నిలిచిన పెండ్యాల రాఘవరావు, కమ్యూనిస్టుల పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున. నిన్నటిదాకా సైన్యం వెతికిన పక్షం వాళ్లు ఓటు అడిగి, గెలిచి, పార్లమెంటుకు పోయారు. జెండా వందనం చేస్తుంటే మీకు అడ్డం పడేది ద్రోహం కాదమ్మా, దుఃఖం. ఆ దుఃఖంతోనే వందనం చేయొచ్చు. ఆ రోజు మనసు ఒప్పకపోతే చేతులు కట్టుకుని నిలబడొచ్చు.

ఈ విషయం ముందు మీ ఆయనకు చెప్పండి, తర్వాత అబ్బాయికి. మీ తాత పేరు, ఊరు, ఎప్పుడు, ఎట్లా, మీ అమ్మమ్మ ఆ తర్వాత పిల్లల్ని ఎట్లా సాకింది, మీకు తెలిసినంత. అబ్బాయి యూనివర్సిటీలో చదివి వాదిస్తున్న చరిత్రలో సగం తన తల్లి కడుపులోనే ఉందని అతనికి తెలియదు. ఒక్క జాగ్రత్త. దీన్ని మామయ్య మీద ఆయుధంగా వాడనీయకండి. "చూడు తాతా, నీ జెండా మా ముత్తాతను చంపింది" అనే మాట అబ్బాయి నోట వస్తే పరకాల ప్రయాణం వృథా. "వినడానికి చెప్తున్న, వాదించడానికి కాదు" అని ముందే చెప్పి మొదలుపెట్టండి. మామయ్యకు మీరే స్వయంగా చెప్పండి. కోడలి నోట విన్న మాటను ఆయన గౌరవిస్తారని మా నమ్మకం. దెబ్బలు తిన్న ఇంటి మనిషి ఆయన.

సెప్టెంబర్ 17న మీ పుట్టింటి తాతను తలుచుకోండి. ఆ రోజుకు విమోచన అని, విలీనం అని, విద్రోహం అని ఎవరి పేరు వాళ్లు పెట్టుకున్నారు, ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరూ మారింది. ఆ పేరు మీద ఇంట్లో చర్చ పెట్టకండి. ఫొటో ఉంటే ఫొటోకు, లేకపోతే పేరు రాసిన కాగితానికి, ఒక పూలదండ వేయండి. మీ కాలనీలో ముస్లిం కుటుంబాలుంటే ఆ రోజు వీధిలో నినాదాలు, టపాకాయలు వద్దని మామయ్యకు చెప్పండి. సైనిక చర్య తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ముస్లింల మీద జరిగిన ఘోరాలను నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీయే రాసింది. రజాకార్లు చేసిన దానికి ఆ వీధిలో పిల్లలు ఎందుకు తలవంచాలి?

ఇప్పుడు ఆగస్టు 15 పొద్దున. అబ్బాయికి ప్రసంగం, నినాదం ఏదీ ఇవ్వకండి, చేతి పని ఇవ్వండి. డాబా మీద జెండాకు ఇద్దరు మనుషులు కావాల్సిన పని ఒకటుంది. చాలామంది జెండాను పూలతో చుట్టి పైన కట్టేసి, కింద నుంచి తాడు లాగి విప్పుతారు. అది జనవరి 26 పద్ధతి. ఎర్రకోటలో ఆగస్టు 15న జెండాను కింద నుంచి పైకి ఎక్కిస్తారు. మీరూ అట్లాగే చేయండి. పైన కట్టిన జెండా విచ్చుకోకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ముడే. శ్రావణం వానకు నూలు తాడు నాని ఉబ్బుతుంది, జారుముడి బిగుసుకుంటుంది. పెద్దాయన గుంజుతూ ఉంటారు, పిల్లలు నవ్వుతారు, ఆయన కోపం మళ్లీ ఎవరో ఒకరి మీద పడుతుంది. విప్పిన జెండానే పైకి లాగితే ఈ ప్రమాదం లేదు. కాకపోతే అది నేలకు తగలకూడదు కాబట్టి మామయ్య తాడు లాగుతుంటే పక్కన ఒకరు గుడ్డను రెండు చేతుల మీద పట్టుకుని, పైకి పోయేకొద్దీ వదలాలి. ఆ ఒకరు మనుమడు కావచ్చు.

14వ తేదీ సాయంత్రమే గిరకలో నాలుగు చుక్కల నూనె వేసి, తాడు పైకీ కిందికీ ఆడించి చూడమనండి. ఏడాదిగా వానకు తడిసిన గిరక తుప్పు పట్టి జెండా సగంలో ఆగిపోతుంది. డాబాకు 900 × 600 మిల్లీమీటర్ల జెండా సరిపోతుంది. పొడవు, వెడల్పు 3:2 పాళ్లలో లేనిది, గుడ్డ మీద అక్షరాలు అచ్చేసినది కొనకండి. కాషాయం వైపున్న కొసే తాడు పై కొసకు కట్టాలి, హడావుడిలో ఎక్కువగా తలకిందులయ్యేది ఇక్కడే. చకచకా ఎక్కించాలి, దించేటప్పుడు నిదానంగా దించాలి. 2022 జులై నుంచి ఇళ్ల మీద రాత్రిపూట కూడా ఉంచొచ్చు, కానీ గాలివానకు అంచులు పోగులు లేస్తాయి, చిరిగిన జెండా ఎగరకూడదు. పొద్దుగూకకముందే దించేయండి. పాడైన జెండాను చెత్తలో వేయొద్దు, ముక్కలు చేయొద్దు. ఎవరూ లేని చోట మొత్తంగా, గౌరవంగా కాల్చేయాలి. సాయంత్రం వీధిలో పడ్డ కాగితం జెండాలు ఏరడం కూడా పనే. పైకి రానన్నా ఆ పని అబ్బాయి ఒప్పుకుంటాడేమో అడగండి.

జాతీయ గీతం 52 సెకన్లు. నోరు మెదపకుండా నిటారుగా నిలబడినా అగౌరవం కాదు. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల నిలబడ్డారు కానీ పాడలేదు. బడి వెళ్లగొడితే 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. ఈ సంగతి మీ ఆయనకు చెప్పండి, "పాడు, పాడు" అని అబ్బాయి భుజం తట్టకుండా ఉంటారు.

ఇంత చేసినా అబ్బాయి రానంటే, రావద్దనండి. బదులుగా ఒక్క మాట తీసుకోండి: "నేను పైకి రాను, కానీ నీ కార్యక్రమం చెడగొట్టను తాతా" అని ముందు రోజే తాతకు తనే చెప్పాలి. జెండా అయ్యాక టిఫిన్‌కు అందరితో కూర్చోవాలి. నిరుడు మామయ్యకు ఎక్కువగా తగిలింది ఆ వేసిన తలుపు.

"గర్వపడేంత ఏముంది?" అన్న రెండో సగానికి మీరు జవాబు చెప్పే పని పెట్టుకోకండి. ఉద్యోగాలు లేవనో, కులం పోలేదనో అబ్బాయికి కోపం ఉంటే అది ఉండాల్సిన కోపమే. ఈ దేశం తనదనుకున్నవాడికే అంత కోపం వస్తుంది. మామట్టుకు మేము ఆ పండుగ చేసుకోవాలనే అంటాం, ఈ జిల్లాలో ఆ గుడ్డ కోసం మనుషులు చచ్చిపోయారు కాబట్టి. కానీ మా కారణం మీ అబ్బాయికి అరువు ఇవ్వలేం.

చివరిగా ఒకటి గమనించండి. అబ్బాయి జెండాకే కాక స్నేహితులకు, చదువుకు, తిండికి కూడా దూరమవుతున్నా, మామయ్య ఈ మౌనంలో నిద్ర తగ్గి బక్కచిక్కుతున్నా, ఇది ఆగస్టు 15 గొడవ కాదు. అప్పుడు డాక్టర్‌ను కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.