వడపోసేది 180 లీటర్లు, విసర్జించేది లీటరున్నర

ప్రశ్న: కిడ్నీలు రోజుకు 180 లీటర్లు వడపోస్తాయని మా అబ్బాయి పాఠంలో ఉంది. ఒంట్లో అంత నీరెక్కడిది? కొబ్బరితోటలో ఎండన పనిచేసి వచ్చిన రోజు మా నాన్నగారికి మూత్రం ముదురు పసుపు రంగులో, కొద్దిగానే వస్తోంది. ఆయనకు 64 ఏళ్లు, అమ్మకు 60. ఇద్దరికీ క్రియాటినిన్ 1.1 వచ్చింది. ల్యాబు కాగితంలో 0.6 నుంచి 1.2 వరకు నార్మల్ అని ఉంది. నిశ్చింతగా ఉండవచ్చా?
– ఒక పాఠకురాలు, సోంపేట

జవాబు: మీ సందేహం సబబైనదే. 60 కిలోల మనిషి ఒంట్లో ఉండే నీరంతా కలిపినా సుమారు 35 లీటర్లే, అందులో రక్తంలోని ప్లాస్మా మూడు లీటర్లే. ఆ మూడు లీటర్లే రోజుకు దాదాపు అరవై సార్లు వడపోతకు వచ్చి వెళ్తాయి. ఒక్కో కిడ్నీలో ఉండే సుమారు పది లక్షల నెఫ్రాన్లలో (సూక్ష్మమైన వడపోత యూనిట్లలో), ప్రతిదాని మొదట్లోనూ ఉండే కేశనాళికల కుచ్చు గుండా ఈ ద్రవం నాళిక అనే సన్నని గొట్టంలోకి దిగుతుంది. రెండు కిడ్నీలవీ కలిపితే అది నిమిషానికి 125 మిల్లీలీటర్లు.

వడపోత అనగానే మనకు కాఫీ ఫిల్టరు గుర్తొస్తుంది గానీ, కిడ్నీ పని అలా జరగదు. రక్తకణాలు, పెద్ద ప్రొటీన్లు తప్ప నీరు, లవణాలు, గ్లూకోజు, యూరియా అన్నీ కలిసే కిందికి దిగిపోతాయి. భోగికి ముందు అలమరలోని సామానంతా నడింట్లో కుమ్మరించి, కావలసినవి తిరిగి సర్దుకుని, మిగిలినది పారేస్తామే, ఇదీ అటువంటి పద్ధతే. దాదాపు మూడింట రెండు వంతుల నీరు, లవణాలు నాళిక మొదటి భాగంలోనే రక్తంలోకి తిరిగి వెళ్తాయి. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప గ్లూకోజు దాదాపు పూర్తిగా వెనక్కి చేరుతుంది. ఇంత శ్రమ దండగ అనిపించవచ్చు గానీ, ఈ పద్ధతిలో ఒక పెద్ద సౌలభ్యం ఉంది: ప్రతి వ్యర్థాన్నీ విడివిడిగా గుర్తుపట్టనక్కర్లేదు, ఏరుకోనిది దానంతటదే బయటికి పోతుంది.

మీ నాన్నగారి మూత్రం రంగు సంగతి నాళిక చివరి భాగంలో తేలుతుంది. చెమట ఎక్కువగా పట్టి రక్తంలో లవణాల సాంద్రత పెరిగితే మెదడు ఏడీహెచ్ అనే హార్మోనును వదులుతుంది, దానితో నాళిక గోడల్లో నీటి దారులు తెరుచుకుని నీరు వెనక్కి పోతుంది. మూత్రానికి పసుపు రంగునిచ్చే యూరోబిలిన్ అంతే ఉండి, నీరు తగ్గడంతో రంగు ముదురుతుంది. అంటే ఆ రోజు ఆయన కిడ్నీలు నీటిని పొదుపు చేస్తున్నాయి, ఆయన ఇంకా నీళ్లు తాగవలసి ఉంది. కడుపారా తాగినా రంగు తేలికపడకపోతే, లేదా ఎర్రగా, టీ డికాక్షనులా వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.

ఇక క్రియాటినిన్. నేను ఆగి చూసింది ఇక్కడే. ఇది కండరాల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్‌ల నుంచి పుట్టే వ్యర్థం (ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెల్లడించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే). కండ ఎక్కువగా ఉన్నవారిలో అది ఎక్కువ పుడుతుంది, కనుక ఒకే అంకె అందరికీ ఒకే అర్థం ఇవ్వదు. వయసు, స్త్రీ పురుష భేదం కలిపి వేసే 2021 నాటి సూత్రం ప్రకారం, అదే 1.1కి మీ నాన్నగారి వడపోత వేగం నిమిషానికి సుమారు 75 మిల్లీలీటర్లు అయితే, అమ్మగారిది సుమారు 57. ఇది 60కి తక్కువగా మూడు నెలలకు పైగా కొనసాగితే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధిగా పరిగణిస్తారు. ల్యాబు కాగితం ఇద్దరినీ ఒకే గాటన కట్టింది, మీరు అమ్మగారి విషయంలోనే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసి ఉంది.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా కనిపించే ఉద్దానం ప్రాంతం కనుక మరొక మాట. అక్కడి కిడ్నీ రోగుల్లో చాలామందికి మధుమేహం గానీ రక్తపోటు గానీ మూలంగా కనబడదు, మూత్రంలో ప్రొటీను కూడా తక్కువే పోతుంది, ఎందుకంటే దెబ్బ ప్రధానంగా నాళికల మీద, వాటి చుట్టూ ఉన్న కణజాలం మీద పడుతుంది. అందువల్ల మూత్రంలో ప్రొటీను లేదన్న ఒక్క మాటతో ఊరుకోకుండా, ఇప్పుడే ఒకసారి వైద్యుని సలహా తీసుకుని, మూడు నెలల తరువాత అదే ల్యాబులో మళ్లీ క్రియాటినిన్ చూపించండి. ముందురోజు మాంసాహారం, ఒళ్లు విరిగేంత పని వద్దు, రెండూ ఆ అంకెను పెంచుతాయి. ఈలోగా మోకాళ్ల నొప్పులకని దుకాణంలో అడిగి కొనే, కిడ్నీలకు చేటు చేయగల నొప్పి మాత్రలు అమ్మగారి చేత మాన్పించండి.