టెక్ సందేహాలు: ముందు తూటా, తరువాతే పిస్టల్

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం ప్రింటర్ల గురించే ఉంటాయి. కాగితం ఇరుక్కుంటోంది, సిరా ఆగిపోయింది, కొత్త కార్ట్రిడ్జ్‌ను గుర్తించడం లేదు. ఈసారి మాత్రం మూడు ఉత్తరాలు లక్ష్యాలను గురిచూసి కొట్టే క్రీడా పిస్టళ్ల మీద వచ్చాయి. చదువుతూ పోతే ఫిర్యాదులు పాతవే అనిపించాయి. తూటానూ ఇంగ్లీషులో కార్ట్రిడ్జ్ అనే అంటారు మరి. అక్కడా కార్ట్రిడ్జే, ఇక్కడా కార్ట్రిడ్జే. కాగితం ఇరుక్కోవడానికీ తూటా ఇరుక్కోవడానికీ కారణాలు దగ్గరి చుట్టాలు.

ప్రశ్న: ఏడాదిగా 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. ఇక 25 మీటర్ల విభాగంలోకి రమ్మని కోచ్ అంటున్నారు. మొరాయించని సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పేరు ఒక్కటి చెప్పగలరా?

ఒక్క పేరు చెప్పి తప్పుకోవడం నాకూ సులువే. కానీ ఆ పేరు పట్టుకుని మీరు కొన్నాక, మీ రేంజ్‌లో దొరికే తూటాలు దానికి పడకపోతే నన్నే తిట్టుకుంటారు. నమ్మకమైన పిస్టల్ అంటూ విడిగా ఏదీ ఉండదు. పిస్టల్, తూటా, మ్యాగజైన్ (తూటాలు పేర్చి పెట్టే డబ్బా) మూడింటికీ పొత్తు కుదరాలి.

ఎందుకో చెబుతాను. సెమీ ఆటోమేటిక్‌లో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటా పేలుతుంది. ఖాళీ గుల్లను బయటికి విసిరి, తరువాతి తూటాను ఛాంబర్‌లోకి, అంటే అది పేలే గదిలోకి, తోసే పని పిస్టలే చూసుకుంటుంది. మీరు వాడబోయే .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటా) పిస్టళ్లలో ఈ పనికి కావలసిన బలమంతా ఆ తూటా వెనక్కి తన్నే తన్నులోంచే రావాలి. ఛాంబర్‌ను వెనుక నుంచి మూసే లోహపు ముక్క బోల్టు, దాన్ని పట్టి ఉంచే గడియ ఏదీ ఉండదు, దాని బరువూ వెనుకనున్న స్ప్రింగూ తప్ప. తన్ను చాలకపోతే బోల్టు సగం దూరమే వెళ్లి వస్తుంది, ఖాళీ గుల్ల తాను బయటికి పోవలసిన కిటికీలో నిటారుగా ఇరుక్కుని నిలబడుతుంది. తన్ను ఎక్కువైతే అన్నీ సాఫీగా నడుస్తున్నట్టే కనిపిస్తాయి, లోపల మాత్రం భాగాలు దెబ్బలు తింటూ అరుగుతుంటాయి.

దీనికి తోడు ఆ తూటా కూడా పాతకాలపు ముసలిది. 1887 నుంచి దాని రూపం పెద్దగా మారలేదు. నిప్పు రాజేసే మందు దాని అడుగు అంచు మడతలో ఉంటుంది, పిన్ను ఆ అంచునే కొడుతుంది. కొట్టిన చోట మందు సరిగా పరచుకుని లేకపోతే ‘టిక్’ మనడమే తప్ప పేలుడు ఉండదు. ఆ అంచు బయటికి పొడుచుకుని ఉండటం వల్ల ఇంకో తంటా ఉంది. మ్యాగజైన్‌లో పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందు ఉండాలి. వెనక్కి జారితే రెండూ కొక్కెం వేసుకుని కదలవు. మ్యాగజైన్‌ను హడావుడిగా నింపేవాళ్లకు ఇది తరచుగా ఎదురవుతుంది.

కాబట్టి ముందు తూటాను ఎంచుకోండి. మీ రేంజ్‌కు ఏడాది పొడవునా నిలకడగా వచ్చే ‘స్టాండర్డ్ వెలాసిటీ’ రకం ఏదో కనుక్కోండి. ధ్వని వేగం కన్నా కాస్త తక్కువ వేగంతో వెళ్లే తూటాలివి. పోటీ పిస్టళ్లలో చాలావాటి స్ప్రింగులను వీటికి తగ్గట్టే అమరుస్తారు. ‘హై వెలాసిటీ’ అని రాసి ఉన్న పెట్టెలను, ఎంత తక్కువ ధరకు వచ్చినా, ఈ పిస్టళ్లకు వాడవద్దు.

తరువాత నిబంధనలు. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్ఎస్ఎఫ్ లెక్క ప్రకారం 25 మీటర్ల పిస్టల్ బరువు 1400 గ్రాములు దాటకూడదు. ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి కావలసిన బలం, 1000 గ్రాములకు తగ్గకూడదు. బ్యారెల్ పొడవు 153 మిల్లీమీటర్లలోపు ఉండాలి. పిస్టల్ మొత్తం 300, 150, 50 మిల్లీమీటర్ల కొలతల పెట్టెలో పట్టాలి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాములు చాలు కాబట్టి మొదటి నెల మీ చూపుడు వేలుకు ఇది మొద్దు యంత్రంలా తోస్తుంది. దిగులు పడకండి. తనిఖీలో కిలో బరువును ట్రిగ్గర్‌కు వేలాడదీసి ఎత్తి చూస్తారు. సరిగ్గా 1000 దగ్గర సర్దుకుంటే వేసవికీ చలికాలానికీ తేడా వచ్చి తిప్పలు పడతారు. కాస్త ఎక్కువే ఉంచుకోండి.

ఇప్పుడు పేర్లు. ఈ పిస్టళ్లను రెండు కుటుంబాలుగా చూడవచ్చు. మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు ముందు ఉండేవి ఒక కుటుంబం: పార్దిని ఎస్‌పీ, వాల్తర్ జీఎస్‌పీ, ఫైన్‌వెర్క్‌బౌ ఏడబ్ల్యూ93 ఈ కోవలోవి. బరువు ముందుకు ఉంటుంది. లోపల మ్యాగజైన్ లేదు కాబట్టి పిడిని అరచేతికి తగ్గట్టు ఎలాగైనా చెక్కుకోవచ్చు. మ్యాగజైన్ పిడిలోనే ఉండేవి రెండో కుటుంబం: హేమర్లీ 208, స్మిత్ అండ్ వెసన్ మోడల్ 41, రూగర్ మార్క్ శ్రేణి, బ్రౌనింగ్ బక్ మార్క్. పోటీల మీదే మీ మనసుంటే మొదటి కుటుంబం వైపు చూడండి. సరదాగా వారానికోసారి కాల్చడమే అయితే రూగర్ చాలు. ట్రిగ్గర్ అంత నాజూకుగా ఉండదు గానీ తిండి దగ్గర, అంటే తూటాల దగ్గర, పేచీ పెట్టదు. ఈ శ్రేణి మొదటి పిస్టల్ 1949లో వచ్చింది. శుభ్రం చేయడానికి విప్పితే మళ్లీ బిగించడం ఒక పొడుపుకథలా ఉండేది. 2016లో వచ్చిన మార్క్ 4తో ఒక్క బటన్ నొక్కి తెరిచే ఏర్పాటు చేశారు. అరవై ఏడేళ్లు పట్టింది! మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు అంతకన్నా నయమే అనిపిస్తుంది ఒక్కోసారి.

పిడి సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. చేతికి కుదరని పిడి ఉంటే మణికట్టు సడలుతుంది. సడలిన మణికట్టు బోల్టు తన్నును మింగేసి పిస్టల్‌ను మొరాయింపజేస్తుంది. నింద మాత్రం పిస్టల్‌కు పడుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు ఎడమచేతి పిడి దొరికే మోడల్‌నే చూడాలి. హంగరీ సైనికుడు కరోలీ తకాచ్ కుడిచేయి 1938లో గ్రెనేడ్ పేలి ఛిద్రమైంది. ఎడమచేత్తో కాల్చడం మొదటి నుంచీ నేర్చుకుని 1948, 1952 ఒలింపిక్స్‌లలో రాపిడ్ ఫైర్ (వేగంగా కాల్చే పిస్టల్ విభాగం) స్వర్ణాలు గెలిచారు.

కొనే ముందు రేంజ్‌లో మీ తూటాలతోనే రెండు మూడు వందలైనా కాల్చి చూడండి. మ్యాగజైన్లకు అంకెలు వేయండి. ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఏ పెట్టెలోని తూటా, ఎన్నో తూటా, ఎవరి చేతిలో అని రాసుకోండి. ఒకే అంకె పదేపదే వస్తే తప్పు ఆ మ్యాగజైన్ పెదవులది, అంటే తూటాను పట్టి ఉంచే పై అంచులది. వంద దాటాకే ఆగుతుంటే మురికిది. మీ చేతిలో ఆగి కోచ్ చేతిలో ఆగకపోతే సంగతి మీకే అర్థమవుతుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లు లోపాల చిట్టా రాసినట్టే ఇదీ.

ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మీద మోజు ఉంటే దాని వెంట బ్యాటరీ, సర్క్యూట్ కూడా వస్తాయని మరవద్దు. నేనైతే మొదటి పిస్టల్‌కు యాంత్రిక ట్రిగ్గరే తీసుకుంటాను. అయినా ఏ పిస్టలైనా చెడిపోవచ్చు. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ 10 మీటర్ల అర్హత పోటీ మధ్యలో మొరాయించి విలువైన నిమిషాలు పోయాయి, ఆమె రెండు పాయింట్ల తేడాతో ఫైనల్‌కు దూరమయ్యారు. ఆ స్థాయి పరికరానికే తప్పలేదు. వీలైతే విడి స్ప్రింగులు, విడి పిన్ను, మరో మ్యాగజైన్ మొదటి రోజే తీసుకోండి. ఇక లైసెన్సు, భద్రపరిచే పద్ధతి మీ దేశపు చట్టం చెప్పినట్టే, అందులో చిట్కాలు లేవు.

ప్రశ్న: నా .22 పిస్టల్ సాధన చివర్లో తప్పకుండా ఆగిపోతుంది. రోజూ నూనె బాగానే పోస్తున్నాను.

ఆ ‘బాగానే’ దగ్గరే ఉంది చిక్కు. ఈ తూటాల సీసపు గుండుకు మైనమో జిడ్డో పూసి ఉంటుంది. అది, కాలని మందు, మీ నూనె మూడూ కలిసి నల్లటి ముద్ద అవుతాయి. నూనె చుక్కల్లో సరిపోతుంది, అదీ బోల్టు జారే చోటనే. మ్యాగజైన్ లోపల అసలే వద్దు. గుల్లను లాగే కొక్కెం కింద పేరుకున్న మురికిని పుల్లతో తీయండి, సగం జబ్బు అక్కడే పోతుంది.

ఇంకో రెండు మాటలు, ఇవి భద్రతకు సంబంధించినవి. నొక్కినా పేలకపోతే పిస్టల్‌ను లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు అరుదుగానైనా ఉంటాయి. శబ్దం మామూలు కన్నా బలహీనంగా వస్తే తరువాతి తూటా కాల్చవద్దు. గుండు బ్యారెల్‌లోనే ఉండిపోయి ఉండవచ్చు. ఖాళీ చేసి, గొట్టం తేటగా ఉందో లేదో చూశాకే ముందుకు వెళ్లండి.

పోటీలో ఆగిపోతే బోల్టును మీరే లాగి సరిచేసుకోవద్దు. పిస్టల్‌ను ముందుకే చూపిస్తూ ఖాళీ చేయి ఎత్తండి. మీరు ముట్టుకుంటే, సేఫ్టీ తీయడం మరచిపోయినా, తూటా నింపకపోయినా అది మీ తప్పు కింద పడుతుంది. ఒప్పుకోదగిన లోపమైనా 30 తూటాల దశకు ఒక్కసారే మన్నింపు.

ప్రశ్న: ఇంట్లో ఖాళీ పిస్టల్‌తో సాధనకు సెన్సార్లు, ఫోను యాప్‌లు వచ్చాయి. పనికొస్తాయా?

పనికొస్తాయి, అయితే ఏది ఏం చెబుతుందో తెలిసి ఉండాలి. లేజర్ తూటా, ఫోను కెమెరా జోడీ ఎక్కడ తగిలిందో చెబుతుంది. ఎందుకు తప్పిందో చెప్పదు. మ్యాంటిస్ లాంటివి బ్యారెల్ కింద తగిలించుకుంటే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో చేయి ఎటు ఊగిందో చూపిస్తాయి. స్కాట్ లాంటివి మీ గురి లక్ష్యం మీద తిరిగిన దారినంతా గీత గీసి ఇస్తాయి. నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త. .22 పిస్టల్‌లో ఉత్తి ఛాంబర్ మీద పిన్ను కొడితే దాని అంచు చెడుతుంది. ఉత్తుత్తి సాధనకు ప్రత్యేక మీట ఉన్న మోడళ్లలో ఆ మీట వాడండి, లేనివాటిలో ఉత్తుత్తి తూటా పెట్టండి. అసలు తూటాలు ఆ గదిలో ఉండకూడదు. యాప్‌లో స్కోరు దాచే వీలుంటే మొదట అది దాచేయండి. చివరి అర సెకను గీతను మాత్రమే చూస్తూ రెండు వారాలు గడపండి.