కొత్త రంగు వేసిన పాత బోటుకు ధర కట్టేదెలా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు. గండికోట జలాశయంలో పర్యాటకులను తిప్పేందుకు ముగ్గురు మిత్రులం కలిసి కోస్తాలో ఒక పాత ఫైబర్ బోటు చూసి వచ్చాము. కొత్తగా రంగు వేసి ఉంది, ఇంజను వెంటనే అందుకుంది. సముద్రంలో తిరిగిన బోటు మంచినీటిలోకి వస్తే ఇంకా మన్నుతుందని అమ్మేవారు అంటున్నారు. నీడకు పైన రేకుల కప్పు వేయించాలనుకుంటున్నాము. న్యాయమైన ధర తెలుసుకునేదెలా?
– ఒక పాఠకుడు, కడప జిల్లా

జవాబు: ముందు బోటు పరిస్థితి తేలాలి, ఆ తరువాతే ధర. మీ తరఫున, మీరే ఫీజు చెల్లించే సర్వేయరును, అంటే బోటును పరీక్షించి నివేదిక ఇచ్చే నిపుణుణ్ణి పెట్టుకోండి. అమ్మేవారు చూపే నివేదికను నమ్ముకుని లక్షలు పెట్టడం మంచిది కాదు.

బోటును ఒడ్డుకు ఎక్కించి, అడుగుభాగం ఆరిన తరువాతే పరీక్ష జరగాలి. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్లే, సర్వేయరు చిన్న సుత్తితో అడుగంతా తట్టుకుంటూ పోతాడు. పొరలు గట్టిగా అతుక్కున్న చోట శబ్దం ఖంగుమంటుంది, విడిపోయిన చోట మొద్దుగా వస్తుంది. అన్నిటికంటే ఎక్కువసేపు చూడవలసింది ఇంజను బిగించే వెనుక పలకను. చాలా బోట్లలో దాని లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీరు చేరి అది కుళ్ళితే పైరంగు ఎంత నిగనిగలాడినా ప్రయోజనం లేదు. బోల్టుల చుట్టూ గోధుమరంగు నీరు కారిన మరక కనిపిస్తే, పలక తెరిచి మార్చే ఖర్చంతా ధరలో తగ్గించవలసిందే. ఇంజను అందుకోవడం పరీక్ష కాదు. ప్రతి సిలిండరు కంప్రెషన్ (లోపలి గాలిని నొక్కే ఒత్తిడి) కొలిపించి, నీటిలో పూర్తి వేగంతో నడిపించి చూడాలి.

మంచినీటిలో మన్నుతుందన్న మాటలో సగమే నిజం. లోహానికి ఉప్పు చేసే చేటు తగ్గుతుంది గాని, ఫైబర్ పొరల్లోకి నీరు ఇంకి బొబ్బలు లేవడం మంచినీటిలో, అందులోనూ వెచ్చని నీటిలో ఎక్కువ. సముద్రంలో తాము కరుగుతూ ప్రొపెల్లరును కాపాడే జింక్ దిమ్మలు మంచినీటిలో పైన పొర కట్టి సరిగా పనిచేయవు; మెగ్నీషియం దిమ్మలు వేయించుకోండి. సముద్రపు నీటి కంటే మంచినీరు సుమారు 2.5 శాతం తేలిక కనుక అదే బరువుతో బోటు ఇక్కడ కొంచెం లోతుగా దిగుతుంది.

రేకుల కప్పు ఆలోచన నాకు భయం కలిగిస్తున్నది. పైన బరువు పెరిగితే, గాలి పట్టే వైశాల్యం పెరిగితే బోటు ఒరిగే స్వభావం మారిపోతుంది. దానికి స్థిరత్వ పరీక్ష మళ్ళీ చేయించాలి, ఎక్కే మనుషుల సంఖ్య మళ్ళీ నిర్ణయించాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో పర్యాటకుల బోటు మునిగిన సంగతి మనమెవరమూ మరచిపోలేదు. నీడకు తేలికైన గుడ్డ పందిరి చాలు, అదీ సర్వేయరు ఒప్పుకుంటేనే.

ధర విషయానికి వస్తే, అదే పొడవు, అదే వయసు, అదే ఇంజను ఉన్న బోట్లు ఇటీవల నిజంగా అమ్ముడైన ధరలే ఆధారం. అడిగిన ధరలు కావు. అందులో నుంచి మరమ్మతు ఖర్చులను, ఇంజను నడిచిన గంటలకు తగిన తరుగును తీసివేయాలి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం మరబోటుకు సర్వే సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషను, బీమా ఉండాలి; ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. సర్వేలో పెద్ద లోపం బయటపడితే అడ్వాన్సు తిరిగి ఇచ్చేటట్లు ముందే కాగితంపై రాయించుకోండి.