ఆవొలుగుయాలో రెయిన్‌డీర్లు కనిపిస్తాయా? – సమాధానం

చైనాలోని ఇన్నర్ మంగోలియాలో, గెన్‌హె పక్కనున్న ఆవొలుగుయాకు వెళ్తే కొత్త ఇళ్లు తప్ప రెయిన్‌డీర్లు కనిపించవేమోనని టెన్షన్ పడుతున్నారు కదండీ. ఊళ్లోనే ఆగిపోతే దాదాపు అంతే. 2003లో రెయిన్‌డీర్లను మేపే ఎవెంకీ తెగవాళ్లను అక్కడికి తరలించారు. కానీ ఆ జంతువులకు అడవిలో దొరికే, నాచులా ఉండే లైకెన్ మేత కావాలి, దొడ్లో కట్టేస్తే బతకవు. అందుకే చాలామంది కాపరులు మళ్లీ అడవి బాట పట్టారు.

హైలార్ దాకా విమానం, అక్కడి నుంచి గెన్‌హెకు రైలు. అడవిలోని శిబిరానికి మాత్రం ముందే కబురు పెట్టి, కాపరులు రమ్మంటేనే వెళ్లండి. అది వాళ్ల ఇల్లు. వేసవిలో దోమలు రాకుండా పొగ పెడతారు, మంద ఆ పొగ చుట్టూనే చేరి పడుకుంటుంది. కాపరిని అడిగి అరచేతిలో కాస్త ఉప్పు పెట్టుకుంటే దగ్గరకొచ్చి నాకుతాయి. నూగు కప్పిన లేత కొమ్ముల్ని మాత్రం పట్టుకోకండి, వాటిలో నెత్తురు పారుతుంటుంది, దెబ్బ తగిలితే నొప్పి.