నీయవ్వ అంటే తిట్టు, నీయబ్బ అంటే ఊతపదమా?

"ఒకే స్లాంగ్ మాట ఒకచోట మామూలుగా, ఇంకోచోట బూతులా వినిపించడం మీకు ఎదురైందా? ఏ ప్రాంతంలో, ఎవరిలో ఏ అర్థం?" అని అడిగారు. ఎదురైంది. మాటలన్నిటి పట్టిక ఇవ్వను గానీ, ఒక్క మాట వల్ల నాకు జరిగింది చెబుతాను.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. పదో తరగతిలో మంచి మార్కులొచ్చాయని మా బాపు నన్ను గుంటూరు వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కి చేర్పించాడు. హాస్టల్ గదిలో తెనాలి అబ్బాయి, పలాస అబ్బాయి, కడప అబ్బాయి, నేను. నలుగురమూ తెలుగువాళ్లమే, అయినా మొదట్లో ఒకరి మాట ఒకరికి అందేది కాదు. నేను "సబ్బు ఒడిసింది" అంటే మిగతావాళ్లు మొహమొహాలు చూసుకునేవాళ్లు. అయిపోయిందని అర్థం, అంతే. కడప అబ్బాయి "అంగడికి పోయొస్తా" అంటే, ఈ రోజు అంగడి ఎక్కడిదని నేను అడిగేవాణ్ని. మాకు అంగడంటే వారానికోసారి పెట్టే సంత, వాళ్లకి వీధి చివరి కొట్టు. ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవే.

దసరా సెలవులకి వెళ్లొచ్చాక అసలు గొడవ మొదలైంది. నేను సకినాలు తెచ్చాను, పలాస అబ్బాయి జీడిపప్పు తెచ్చాడు, తెనాలి అబ్బాయి స్టీలు డబ్బా నిండా సున్నుండలు తెచ్చాడు. వాళ్ల అమ్మమ్మ చేసిందట. ఒకటి నోట్లో వేసుకోగానే నెయ్యి వాసన ముక్కుదాకా వచ్చింది. ఆ ఆనందంలో "నీయవ్వ, ఏమున్నయ్‌రా!" అన్నాను. మా ఊళ్లో ఒక తినుబండారానికి ఇంతకంటే పెద్ద మెప్పు లేదు. కబడ్డీలో మంచి పట్టు పట్టినా అదే, వాన దంచి కొట్టినా అదే.

వాడు డబ్బా మూత పెట్టేశాడు. మొహం ఎర్రబడింది. "మా అమ్మమ్మ చేసి పంపితే తింటూ, ఆవిడనే అంటావా?" అని కాలర్ పట్టుకున్నాడు. మా ఇంట్లో అవ్వ అంటే కన్నతల్లి. వాడికి అవ్వ అంటే ముసలావిడ, పింఛన్ల సంగతి వచ్చినప్పుడు అవ్వాతాతలు అంటారే, ఆ అవ్వ. నేను ఎవరినీ ఏమీ అనలేదు. వాడికి మాత్రం ఆ సున్నుండలు చుట్టిన మనిషినే అన్నట్టు వినపడింది. నేను చెప్పేది వినకుండానే కేకలు, తోపులాట. ఆ చప్పుడుకి వార్డెన్ వచ్చాడు.

విషయం విని ఆయన నా వైపు తిరిగి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "నీయబ్బ, ఇంకోసారి ఆ మాట నోట్లోంచి వచ్చిందో, ఇంటికి పంపించేస్తా." అబ్బ అంటే నాన్న. అంటే మా అవ్వ పేరెత్తితే బూతు, మా బాపు పేరెత్తితే మందలింపు! గదిలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. తోచదు కూడా, ఎందుకంటే వాళ్లు చిన్నప్పటి నుంచి వింటున్నది అదే. నన్ను ఆ సాయంత్రం స్టడీ అవర్ అంతా బయట నిలబెట్టారు. పైగా "మీ స్లాంగ్ ఇక్కడ పనికిరాదు" అన్నారు.

నాకు కోపమొచ్చేది సరిగ్గా ఈ మాటకే. స్లాంగ్ ఏంటండీ? కుర్రాళ్లు కొత్తగా పుట్టించుకున్న "కిరాక్", "లైట్ తీస్కో" లాంటివాటిని స్లాంగ్ అనండి, ఒప్పుకుంటా. ఒడిసింది, ఉరుకు, పండుకో, ఇవి మా తాతలు మాట్లాడిన తెలుగు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. వ్యవసాయంలో వాడే మాటలు ఏ జిల్లాలో ఏవో అందులో వరసగా చేర్చారు. ఒక జిల్లా మాట అసలుదని, ఇంకో జిల్లా మాట స్లాంగని విడదీయలేదు. ఆ మర్యాద మామూలు మనుషుల మధ్య మాత్రం కనపడదు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కినవాళ్ల మాట భాష, ఎక్కనివాళ్లది స్లాంగ్. నా లెక్క ఇదే, ఎవరేమన్నా మార్చుకోను.

మా మాటల్లో ఉర్దూ ఎక్కువని ఇంకో దెప్పు. నిజాం రాజ్యంలో పాలన ఉర్దూలో నడిచింది, 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే పాఠాలు చెప్పింది. మరి పరేషాన్, బేకార్, దావత్ మా ఇళ్లలోకి రాకుండా ఎక్కడికి పోతాయి? అయినా కృష్ణా, గోదావరి జిల్లాలవాళ్లు తియ్యగా చెప్పుకునే కబుర్లు ఎక్కడివి? అరబ్బీ ఖబర్ నుంచి వచ్చినవే. హుషారు, బజారు కూడా పారసీ నుంచి వచ్చినవే. టెన్షన్ అంటే ఎవరూ ఏమీ అనరు, పరేషాన్ అంటే మాత్రం "హైదరాబాదీ స్లాంగ్" అంటారు.

సినిమాలు కూడా చాలా ఏళ్లు ఇదే పని చేశాయి. మా యాస రౌడీకి, ఉత్తరాంధ్ర యాస పనిమనిషికి, సీమ యాస కత్తి పట్టినవాడికి. ఈమధ్య హీరోలే మా యాసలో మాట్లాడుతున్నారు, సంతోషం. కానీ పలాస వైపు మాటకి ఇంకా అంత గౌరవం రాలేదనిపిస్తుంది, దానికి బాధ ఉంది.

ఎందుకంటే ఆ రాత్రి నాతో మాట్లాడింది పలాస అబ్బాయి ఒక్కడే. వాళ్ల వైపు పిల్లాణ్ని గుంటడు అంటారు, ఆడపిల్లని గుంట అంటారు. ముద్దుగానే. వాడు ఫోన్‌లో "మా గుంట ఎలాగుంది?" అని చెల్లెలి గురించి అడిగితే, వరసలో నిలబడ్డవాళ్లు వెకిలిగా నవ్వారట. వాళ్ల లెక్కలో ఆడపిల్లని అలా అనడం చులకన. వాడు అప్పటి నుంచి ఫోన్‌లో గొంతు తగ్గించి మాట్లాడేవాడు. పదహారేళ్ల పిల్లాడు సొంత చెల్లెల్ని తన మాటలో పిలవడానికి సిగ్గుపడటం నాకు ఇప్పటికీ తలుచుకుంటే కడుపు రగులుతుంది.

ఇక ప్రాంతాలే కాదు, పనిని బట్టి కూడా అర్థాలు మారతాయి. సోది మాట తీసుకోండి. బుట్ట పట్టుకుని ఊరూరా తిరిగి సోది చెప్పే ఎరుకల ఆడవాళ్లకి అది విద్య, కూడు. మన జనం కష్టమొస్తే వాళ్లనే పిలిచి, చేట నిండా బియ్యం పోసి, చెప్పింది భయంగా విన్నారు. ఇప్పుడు విసుగు పుట్టించే మాటకల్లా "సోది ఆపు" అంటున్నాం. ఆ మాట ఎరుకల ఇంట్లో ఎలా వినపడుతుందో అడిగినవాళ్లున్నారా? నాకు నీయవ్వ కంటే ఇదే పెద్ద తిట్టుగా అనిపిస్తుంది. నా ఎదురుగా ఎవరన్నా అంటే ఊరుకోను.

నేనిప్పుడు ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతున్నాను. సెప్టెంబర్ 9న, కవి కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతాం, ఉపన్యాసాలు బాగానే ఉంటాయి. మర్నాడు అవే బడుల్లో పిల్లలు "కథ ఒడిసింది" అని రాస్తే ఎర్ర గీత పడుతుంది. నేను గీయను. నా తోటి టీచర్లతో దీని మీద వాదన అవుతూనే ఉంది, అవనీ.