అదే బ్యాడ్జి, ఎత్తయిన బండి: మీ ప్రశ్నలకు జవాబులు

స్పోర్ట్స్ కార్ల కంపెనీలు ఎస్‌యూవీలు చేయడం మీద పాఠకుల్లో కోపం ఉంది, కుతూహలం ఉంది, కొనాలన్న కోరికా ఉంది. మూడింటికీ ఇక్కడ చోటిచ్చాం.

ప్రశ్న: పోర్షే అంటే 911 స్పోర్ట్స్ కారే అని నమ్మినవాణ్ని. ఇప్పుడు రోడ్డు మీద ఆ బ్యాడ్జి కనిపిస్తే సగంసార్లు అది కయెన్ లేదా మకాన్. డబ్బు కోసం పేరు అమ్ముకోవడం కాదా ఇది?

మీ బాధలో న్యాయముంది. 2023లో పోర్షే ప్రపంచమంతా కలిపి సుమారు 3 లక్షల 20 వేల కార్లు అమ్మింది. అందులో కయెన్‌లు 87 వేలకు పైగా, మకాన్‌లూ దాదాపు అన్నే. 911లు 50 వేల చిల్లర. అంటే మీ లెక్క తప్పలేదు, సగానికి పైగా ఎస్‌యూవీలే.

కానీ ఆ కంపెనీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. 1990ల మొదట్లో పోర్షే మునిగిపోయే స్థితిలో ఉంది. 1996లో వచ్చిన బాక్‌స్టర్ ఊపిరి పోసింది. అయినా రెండు సీట్ల కార్ల మీదే బతికితే, అమ్మకాలు పడిపోయిన ప్రతిసారీ కంపెనీ ప్రాణం మీదికి వస్తుంది. 2002లో కయెన్ చూపించినప్పుడు అభిమానులు దుమ్మెత్తిపోశారు. కానీ దానికోసం లైప్‌జిగ్‌లో కట్టిన ఫ్యాక్టరీలోనే కరెరా జీటీ కూడా తయారైంది. 5.7 లీటర్ల వీ10 (పది సిలిండర్ల) ఇంజను, మాన్యువల్ గేరుబాక్సు, ఈనాటికీ కలల కారు. 9,000 ఆర్‌పీఎమ్ వరకు తిరిగే, టర్బో (ఇంజనులోకి అదనపు గాలి నెట్టే పరికరం) లేని 911 జీటీ3ని మాన్యువల్ గేరుబాక్సుతో ఇవ్వగలగడానికి వెనక ఉన్న ఆర్థిక బలంలో ఎస్‌యూవీల వాటా చాలా ఉంది.

అందుకే మా దృష్టిలో అడగాల్సిన ప్రశ్న "ఎస్‌యూవీ ఎందుకు చేశారు?" అన్నది కాదు. "ఆ డబ్బు స్పోర్ట్స్ కారు దగ్గరికి తిరిగొచ్చిందా?" అన్నది. పోర్షే విషయంలో వచ్చింది. లాంబోర్గిని విషయంలోనూ వచ్చింది. 2017లో 3,815 కార్లు అమ్మిన కంపెనీ 2019లో 8,205 అమ్మితే, అందులో 4,962 దాని ఎస్‌యూవీ ఉరుస్‌లే. 2023లో కొత్త స్పోర్ట్స్ కారు రెవుయెల్టోలో వీ12ని టర్బో లేకుండానే, హైబ్రిడ్ సాయంతో, నిలబెట్టగలిగారు. అలాగని ఎస్‌యూవీ సర్వరోగ నివారిణి కాదు. డీబీఎక్స్ ఎస్‌యూవీ వచ్చాక కూడా ఆస్టన్ మార్టిన్‌కి అప్పుల బాధ తీరలేదు.

లోటస్ మీద అలిగినవాళ్లను మాత్రం మేం ఓదార్చలేం. తేలికదనమే ఆ కంపెనీ మతం. 1996 నాటి ఎలీజ్ బరువు 725 కిలోల దరిదాపుల్లో ఉండేది. 2022లో చూపించిన ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఎలెట్రె సుమారు రెండున్నర టన్నులు, అంటే మూడు ఎలీజ్‌ల కంటే బరువు. అది మంచి బండి కావచ్చు. కానీ అందులో లోటస్ ఎక్కడుందని అభిమాని అడిగితే సమాధానం చెప్పడం కష్టం.

ప్రశ్న: ఉరుస్ అంటే ఖరీదైన ఆడీ అని ఒక మిత్రుడు తీసిపారేస్తాడు. నిజమేనా?

సగం నిజం. ఉరుస్, మూడో తరం కయెన్, ఆడీ క్యూ7, బెంట్లీ బెంటేగా ఒకే ప్లాట్‌ఫారం (బండి అడుగు నిర్మాణం) మీద పుట్టాయి, ఇవన్నీ ఫోక్స్‌వాగన్ గ్రూపు కంపెనీలవే. 4.0 లీటర్ల ట్విన్ టర్బో వీ8 కూడా అదే కుటుంబానిది. మొదటి కయెన్‌లో ఈ పంపకం ఇంకా బాహాటంగా ఉండేది. దాని తలుపులు ఫోక్స్‌వాగన్ టువారెగ్ తలుపులే. తర్వాత వచ్చిన వీ6 కయెన్‌లో ఇంజను కూడా ఫోక్స్‌వాగన్‌దే. వీ8 మాత్రం పోర్షే సొంతంగా చేసుకుంది.

బండిని తూచాలంటే మూడు విషయాలు విడివిడిగా చూడండి: ఇంజను ఎవరిది, చట్రం ఎవరిది, ట్యూనింగ్ ఎవరిది. ఉరుస్‌లో మొదటి రెండూ ఉమ్మడి ఆస్తి, మూడోది సొంతం. డీబీఎక్స్‌లో ఇంజను మెర్సిడెస్-ఏఎంజీది, జిగురుతో అతికించిన అల్యూమినియం చట్రం మాత్రం ఆస్టన్ సొంతం. ఫెరారీ పురోసాంగ్వేలో మూడూ ఇంటివే. 6.5 లీటర్ల వీ12 ముందు ఇరుసుకు వెనక్కి జరిగి కూర్చుంటుంది, గేరుబాక్సు వెనక ఇరుసు దగ్గర ఉంటుంది. అందుకే ముందు 49, వెనక 51 శాతంగా బరువు పంచుకుంది. ముందు చక్రాలకు శక్తినిచ్చే చిన్న గేరు యూనిట్ 2011 నాటి ఎఫ్ఎఫ్‌లో మొదలైన పద్ధతి. ఫెరారీ దాన్ని ఎస్‌యూవీ అనదు, మొత్తం ఉత్పత్తిలో దాని వాటా 20 శాతం దాటనివ్వనని చెప్పింది. పేరు ఏదైనా, ఈ వరసలో మాకు ఎక్కువ గౌరవం కలిగించేది అదే.

ప్లాట్‌ఫారం పంచుకోవడంలో కొనేవాడికి ఒక లాభం ఉంది. ఏసీ, వైరింగ్, సెన్సార్లు, స్విచ్చులు లక్షల బండ్లలో నలిగి తేలినవి. తక్కువ సంఖ్యలో కార్లు చేసే కంపెనీలు సొంతంగా చేసుకున్న ఎలక్ట్రికల్ వ్యవస్థలు పాతబడ్డాక ఎంత ఏడిపిస్తాయో వాటి యజమానులకు బాగా తెలుసు.

ప్రశ్న: రెండు టన్నులు దాటిన బండి 3.6 సెకన్లలో 100 అందుకుంటోంది, 305 వెళ్తోంది. ఇక స్పోర్ట్స్ కారుకీ దీనికీ తేడా ఏముంది?

తేడా తిన్నగా వెళ్లేటప్పుడు తెలియదు. మలుపులోనూ బ్రేకులోనూ తెలుస్తుంది.

మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి వెళ్తుంది. ఎంత వెళ్తుందన్నది బండి బరువు, గురుత్వ కేంద్రం ఎత్తు, రెండు చక్రాల మధ్య వెడల్పు, ఈ మూడూ తేలుస్తాయి. 2,200 కిలోల ఎస్‌యూవీలో గురుత్వ కేంద్రం 70 సెం.మీ. ఎత్తున, చక్రాల మధ్య దూరం 1.70 మీటర్లు అనుకుందాం. 1 జీ మలుపులో, అంటే పక్కకు లాగే బలం బండి బరువుతో సమానమైనప్పుడు, సుమారు 900 కిలోలు బయటికి జరుగుతాయి. లోపలి రెండు టైర్ల మీద మొదట ఉన్నది 1,100. ఇప్పుడు మిగిలింది 200. అదే 1,500 కిలోల స్పోర్ట్స్ కారులో, 48 సెం.మీ. ఎత్తు, 1.58 మీటర్ల వెడల్పుతో లెక్కేస్తే జరిగేది సుమారు 455. ఉన్న 750లో దాదాపు 300 లోపలే మిగులుతాయి.

టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అంటే బరువు ఒక పక్కకి ఎంత పోగుపడితే నాలుగు టైర్ల మొత్తం పట్టు అంత తగ్గుతుంది. అందుకే ఈ బండ్లకు 22, 23 అంగుళాల చక్రాలు, అంతంత వెడల్పు టైర్లు.

48 వోల్టుల మోటార్లతో పనిచేసే యాంటీ-రోల్ బార్లు బండి పక్కకు ఒరగకుండా పట్టుకుంటాయి. పురోసాంగ్వేలో ఆ బార్లే లేవు. ఒక్కో డ్యాంపర్‌కి (షాక్ అబ్జార్బర్) ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉండి, దాన్ని పైకీ కిందికీ నెడుతుంది. అద్భుతమైన పనితనం. కానీ అది అదుపు చేసేది ఒరుగుదలను మాత్రమే. పైన లెక్కేసిన 900 కిలోలు ఎలాగూ జరుగుతాయి. ఒంట్లో తెలియాల్సిన సూచన తెలియకుండా పోతుంది, టైరు మాత్రం తన హద్దుకి చేరుకుంటూనే ఉంటుంది. తడి రోడ్డు మీద ఇది గుర్తుంచుకోవాలి.

బ్రేకుల సంగతీ అంతే. గంటకు 200 కి.మీ. వేగం నుంచి ఆపాలంటే 2,200 కిలోల బండిలో 34 లక్షల జూళ్ల శక్తిని వేడిగా మార్చాలి. 1,500 కిలోల కారులో 23 లక్షలు చాలు. ఉరుస్ ముందు బ్రేకు డిస్కులు 440 మి.మీ., ఒక్కో క్యాలిపర్‌లో 10 పిస్టన్లు ఉన్నది ఆర్భాటానికి కాదు.

ప్రశ్న: మొదటి తరం వీ8 కయెన్ సెకండ్‌హ్యాండ్‌లో చూస్తున్నాను. ఏం చూసి తీసుకోవాలి?

బండి మంచిది. లో-రేంజి గేర్లున్న, నిజంగా మట్టిలో దిగగల పోర్షే అది. కానీ సరిగా చూడకుండా కొంటే కొంప మునుగుతుంది. అమ్మే మనిషికి ముందే చెప్పి, రాత్రంతా స్టార్ట్ చేయని బండి దగ్గరికి పొద్దున్నే వెళ్లండి.

మొదట కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం. 2003 నుంచి 2006 వరకు వచ్చిన వీ8ల్లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, రెండు సిలిండర్ల వరసల మధ్య లోయలో, ప్లాస్టిక్ కూలెంట్ పైపులు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి అవి పెళుసుబారి ఒక రోజు చిట్లుతాయి. నీళ్లు లోయలో నిండి ఇంజను వెనక వైపు నుంచి గేరుబాక్సు అతుకు మీదుగా కారతాయి. స్టార్టర్ మోటారు కూడా ఆ లోయలోనే ఉంటుంది కాబట్టి అదీ తడుస్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మూతి దగ్గర ప్రెషర్ టెస్టర్ పెట్టించి 1 బార్ వరకు ఎక్కించి 20 నిమిషాలు వదలండి. ముల్లు దిగితే ఎక్కడో కారుతోంది. అల్యూమినియం పైపులు వేసిన బిల్లు చూపిస్తే సగం దిగులు తీరినట్టే. వేయించాల్సి వస్తే పైపులతోపాటు వెనకనున్న టీ-జాయింటు, రబ్బరు ఓ-రింగులు, మానిఫోల్డ్ గ్యాస్కెట్లు ఒకేసారి మార్పించండి. పాత పైపు ముక్కలు హౌసింగ్‌లో ఇరుక్కుని విరుగుతాయి. వాటిని పూర్తిగా తీసి, రంధ్రం గోడ నునుపుగా శుభ్రం చేయకపోతే కొత్త ఓ-రింగు కూడా కారుతుంది.

రెండోది ప్రొపెల్లర్ షాఫ్ట్ (శక్తిని వెనక ఇరుసుకు చేర్చే కడ్డీ) మధ్య బేరింగ్. దాన్ని పట్టుకున్న రబ్బరు చినిగిపోతే, తక్కువ వేగంలో యాక్సిలరేటర్ తొక్కగానే సీటు కింద నుంచి డబడబమని కొట్టినట్టు వినిపిస్తుంది. లిఫ్ట్ మీద పెట్టి షాఫ్ట్‌ని చేత్తో పైకీ కిందికీ ఊపితే తెలిసిపోతుంది. అరిగే భాగమే కాబట్టి భయం అక్కర్లేదు, దాని ఖర్చు బేరంలో తగ్గించుకోండి.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం: సిలిండర్ గోడల మీద గీతలు. ఐడిల్‌లో టిక్‌టిక్ శబ్దం, ఆయిలు తరచుగా తగ్గడం, ఒక వైపు సైలెన్సర్ గొట్టం రెండోదానికంటే నల్లగా మసిపట్టడం దీని గుర్తులు. స్పార్క్ ప్లగ్గులు విప్పించి, ఒక్కో పిస్టన్‌ని అడుగుకు దించి, బోర్‌స్కోప్ కెమెరాతో 8 సిలిండర్లూ చూపించమనండి. నిలువు గీతలు కనిపిస్తే బేరం వదిలేయండి. చిక్కటి ఆయిలు పోసి శబ్దం అణచవచ్చు కానీ గీత మాసిపోదు. సర్దిచెప్పే మాటలు వినవద్దు.

ఎయిర్ సస్పెన్షన్ ఉంటే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకోండి. రాత్రంతా నిలిపి ఉంచి మర్నాడు మళ్లీ కొలవండి. ఒక్క మూలే దిగితే ఆ ఎయిర్ స్ప్రింగ్ మడత దగ్గర సబ్బునీళ్లు కొట్టి బుడగలు చూడండి. చిన్న లీకే కదా అని వదిలేస్తే కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి కాలిపోతుంది. జాకీ ఎత్తే ముందు సస్పెన్షన్‌ని జాకింగ్ మోడ్‌లో పెట్టడం మరవకండి. చక్రాల బోల్టుల బిగింపు 160 న్యూటన్ మీటర్లు.

2010 తర్వాతి రెండో తరం చూస్తుంటే, నెమ్మదిగా ఎత్తుకునేటప్పుడు కుదుపు వస్తోందేమో గమనించండి. అది ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే యూనిట్. ఆయిలు మారిస్తే కొన్నాళ్లు సర్దుకోవచ్చు, కొన్నిసార్లు యూనిట్టే మార్చాలి. వీ6 మకాన్‌లో టైమింగ్ కవర్ దగ్గర ఆయిలు కారుతుంది. అక్కడ సామాను కంటే పనికూలి ఎక్కువ.

ప్రశ్న: ముందు టైర్లు రెండే అరిగాయి. రెండే మారిస్తే సరిపోతుందా?

వద్దు. 275/45 ఆర్20 టైరు వ్యాసం సుమారు 755 మి.మీ. కొత్తదానిలో ట్రెడ్ లోతు 8 మి.మీ., పాతదానిలో 3 అయితే వ్యాసంలో తేడా 10 మి.మీ., అంటే దాదాపు 1.3 శాతం. ముందు చక్రాలు, వెనక చక్రాలు ఎప్పుడూ వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ ప్లేట్లు విడవకుండా రాసుకుని వేడెక్కుతాయి. పైన చెప్పిన కుదుపుకి ఒక కారణం ఇదే. నాలుగూ ఒకేసారి, ఒకే కంపెనీవి, పోర్షేకైతే పక్కన ఎన్ అక్షరం ముద్ర (పోర్షే ఆమోదించిన టైరు గుర్తు) ఉన్నవి వేయించండి.

ప్రశ్న: ఇలాంటి ఎస్‌యూవీని ట్రాక్ మీదికి తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు, ఒక్కో విడతలో తక్కువ ల్యాప్‌లతో. వెళ్లేముందు బ్రేకు ఫ్లూయిడ్ కొత్తది పోయించండి. పాతది తేమ పీల్చుకుని ఉంటుంది, వేడికి మరిగి పెడల్ నేల దాకా దిగిపోతుంది. ముందు టైర్ల బయటి అంచు మీద కన్నేయండి, సాధారణంగా మొదట అరిగేది అక్కడే. చల్లగా ఉన్నప్పుడు గాలి నింపి వదిలేయకుండా, మొదటి విడత అయ్యాక వేడి మీద మళ్లీ కొలవండి. పెడల్ మెత్తబడిందనిపించగానే ఆ ల్యాప్ నెమ్మదిగా ముగించి బయటికి రండి, ఇంకొక్క రౌండు అని ఆశపడవద్దు. చివరి ల్యాప్‌లో బ్రేకులు వీలైనంత తక్కువ వాడి గాలికి చల్లారనివ్వండి. ఆగాక పార్కింగ్ బ్రేకు వేయకుండా పార్క్‌లో పెట్టి, చక్రం కింద దిమ్మ పెట్టండి. ఇంటికి బయలుదేరే ముందు ప్యాడ్ల మందం చక్రం సందుల్లోంచి టార్చి వేసి చూసుకోండి. ఒక్కరోజులో అవి ఎంత కరిగాయో చూస్తే ఆశ్చర్యపోతారు.